కప్పు అడుగున సాన

సిత్రల మా కాంపు వెనుక దుకాణంల
సానరాయి రెండు దీనార్లు.
రెండు దీనార్లంటే మూడు రోజుల కూర.
మోయిదుక్క రాయిని చేతిల పెట్టిండు,
బరువు చూసి, మల్ల అద్దాల బీరువల పెట్టిచ్చిన.

జేబుకత్తి మాత్రం నాదే.
శుక్రవారం సంతల పాత సామాన్ల కుప్పల
అర దీనారుకు దొరికింది.
మడిస్తే బొటనవేలంత.
తెరిస్తే టమాటను కోయదు, నలుపుతది.

లింబాద్రి నవ్విండు.
ఊర్ల ఉన్నప్పుడు తాళ్లెక్కినోడు,
వాడి లేని కత్తికి గెల కల్లియ్యదని తెలిసినోడు.
ఇక్కడ తాళ్లు లేవు, ఖర్జూరాలున్నయి,
అవి మున్సిపాలిటీవి.
"రాయెందుకురా, చాయ్ తాగు" అన్నడు.
తాగిన.
కప్పు బోర్లేసిండు.

ఏ పింగాణి కప్పుకైనా అడుగున
మెరుపు పూయని వలయం ఒకటుంటది,
బల్లకు ఆనేది, ఎవ్వలు చూడనిది, గరుకుది.
కత్తిని అక్కడ ఆనిచ్చి
పండు తోలు తీసినట్టు, పలసగ, ముందుకు,
ఈ దిక్కు పది, ఆ దిక్కు పది.
తెల్ల వలయం మీద నల్లటి గీత పడ్డది.
"ఇనుము చెమట" అన్నడు.

వాలు కుదరక రెండు వారాలు పాడుచేసిన.
నిలువుగ పడితే అంచు మొద్దుబారుతది,
పండబెడితే చెంపలే గీసుకపోతయి.
లింబాద్రి టైలు ముక్క మీద
ఇరవైయైదు ఫిల్సుల బిళ్లలు నాలుగు పేర్చి
కత్తి వెన్నును వాటి మీద పెట్టిండు.
"ఈ ఎత్తు చేతికి యాదుండాలె.
ఉన్నంక పైసలు జేబుల వేసుకో."
వంద ఫిల్సుల చదువు,
ఫీజు వాపసు.

ఇగ నాకు పిచ్చి పట్టింది.
వడ్రంగులు పారేసిన గరుకు కాగితం తెచ్చి
తడిపి టైలుకు అంటించిన.
కంపెనీ పికప్పు అద్దం సగం దించి
దాని పై అంచుకు రుద్దిన,
డ్రైవర్ శహాబుద్దీన్ బంగ్లల తిట్టేదాక.
ఓదెలు తోలుబెల్టును మంచం కాలుకు కట్టి
వెనుకకు, వెనుకకు మాత్రమే గుంజాలె.
ముందుకు నూకితే తెగుతది.
తెగింది.
వారం రోజులు ఓదెలు
ప్యాంటుకు సుతిలి కట్టుకొని డ్యూటీకి పోయిండు.

అయిందా లేదా అంటే గోటి మీద ఆనిచ్చు,
జారితే ఇంకింత నూరు, కరిస్తే సాలు.
పేపరు అంచు కోసి చూడు, సప్పుడు రావద్దు.
ముంజేతి వెంట్రుకలు మాత్రం గీక్కోకు,
ఇదేం రోగమని సూపర్‌వైజర్ అడిగిండు నన్ను.

గదిల ఎనిమిది మందికి ఇగ నా కత్తే.
మొద్దు కత్తి ఉల్లిగడ్డను చిదుముతది,
ఆ రసమే కండ్లల్లకు ఎగుస్తది.
పదునుది పొరకు తెలువకుంట పొరల నుంచి పోతది.
కిలో ఉల్లిగడ్డ కోసినా
ఎవ్వల కన్ను తడవలే.
మూడు దినాలు అదే ముచ్చట.

నాలుగోనాడు కూర వంతు ఓదెలుది.
మెట్ల కింద చానసేపు ఫోన్ మాట్లాడి వచ్చిండు.
ఏమైందని ఎవ్వలమూ అడగలే.
గడ్డలు ముందటేసుకున్నడు,
నా కత్తి తెరిచిండు,
అంచు చూసిండు, మడిచిండు.
"మన పాత మొద్దుది ఏడుందిరా?"

గ్యాసు పొయ్యి వెనుక ఎతికి ఇచ్చిన.
నాలుగే ఉల్లిగడ్డలు
గంటసేపు కోసిండు.

ఇప్పుడు గదిల రెండు కత్తులు.
ఒకదాన్ని శుక్రవారం శుక్రవారం
కప్పు మీద నూరుతం.
రెండోదాన్ని నూరద్దని
ఎవ్వలు ఎవ్వలకు చెప్పలే.

మొన్న లింబాద్రి తన వంతునాడు
ఏమనకుంట
దాన్నే అందుకున్నడు.